కాగితం లేకుండా మాట్లాడుకున్న పనిలో తగాదా వస్తే: విశాఖలో ఇంటివారికీ పనివారికీ దశలవారీ మార్గదర్శి

"బాత్‌రూమ్‌లో టైల్స్ వేయించాం. వాటం సరిగా లేదు, నీళ్లు తలుపు దగ్గరే నిలుస్తున్నాయి. మేస్త్రి ఫోను ఎత్తడం లేదు." మధురవాడ నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. "పనంతా చేసి అప్పగించాం. ఇప్పుడు వంకలు పెట్టి మిగిలిన డబ్బు ఇవ్వడం లేదు." ఇది కంచరపాలెం, గాజువాక వైపు పనివారి ప్రశ్న. చివరికి ఇద్దరూ అడిగేది ఒక్కటే: కాగితం రాసుకోలేదు కదా, ఏమైనా చేయగలమా?

చేయవచ్చు. అయితే ఒక వరుసలో చేయాలి. ఇంటివారు, పనివారు ఇద్దరూ అనుసరించేలా ఆ వరుసను కింద ఇస్తున్నాను.

1. ముందుగా తెలుసుకోవలసింది: నోటిమాట కూడా ఒప్పందమే

భారత ఒప్పందాల చట్టం, 1872 సెక్షన్ 10 ప్రకారం ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకొని, ఇచ్చిపుచ్చుకునే ప్రతిఫలం ఉండి, చేసే పని చట్టబద్ధమైతే అది ఒప్పందమే. తాపీ పని, వడ్రంగం, పెయింటింగ్, వెల్డింగ్, కుట్టుపని వంటి వాటికి రాత తప్పనిసరి కాదు.

రేటు మాట్లాడుకోకుండా పని జరిగిపోయినా దారి ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, అందుకు తగిన సొమ్ము చెల్లించాలని అదే చట్టం సెక్షన్ 70 చెబుతోంది.

అసలు కష్టం రుజువు దగ్గరే. సేవలో లోపం ఉందని చూపవలసిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదేనని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాకీ రావాలని దావా వేసే పనివారు కూడా పని చేశామని, ఇంత రావాలని తామే చూపించాలి. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా కోర్టు గడప తొక్కకముందు చేయవలసిన పనులే ఉన్నాయి. అక్కడ గట్టిగా ఉన్నవారికి చాలాసార్లు కోర్టు అవసరమే రాదు.

2. కోపంలో చేయకూడనివి

తగాదా మొదలైన రెండు మూడు రోజుల్లో చేసే పొరపాట్లే తర్వాత కేసును దెబ్బతీస్తాయి.

ఇంటివారు:

- లోపం నమోదు చేయకముందే పగలగొట్టించకండి. వేరే మేస్త్రితో కొత్త టైల్స్ వేయించేస్తే పాత లోపాన్ని చూపడానికి ఏమీ మిగలదు.
- పనివారి డ్రిల్లింగ్ మిషను, కటింగ్ మిషను, నిచ్చెన ఆపి ఉంచకండి. మీకు ఆ హక్కు లేదు. పైగా తగాదాలో తప్పు మీవైపు తిరుగుతుంది.
- వాట్సాప్‌లో తిట్లు, బెదిరింపులు రాయకండి. మీరు రాసినవి కూడా సాక్ష్యమే.

పనివారు:

- గోడకు బిగించిన కుళాయిలు, తలుపులు, గ్రిల్స్ ఊడదీసి తీసుకుపోకండి. డబ్బు రావలసి ఉన్నా అది నేరం కేసుకు దారితీయవచ్చు.
- ఫోను ఎత్తడం మానకండి. మాట్లాడలేకపోతే "రేపు సాయంత్రం వస్తాను" అని ఒక సందేశం పంపండి. మౌనంగా ఉంటే తప్పించుకున్నారనే అనుకుంటారు.

దర్జీలు, మెకానిక్‌లు, నగలపని వారి సంగతి వేరు. ఒప్పందాల చట్టం సెక్షన్ 170 ప్రకారం, తమ చేతికి అప్పగించిన వస్తువుపై శ్రమ, నైపుణ్యం పెట్టి పని పూర్తిచేసినవారు ఆ కూలి అందేవరకు ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. ఆటోనగర్‌లో బండి బాగుచేసిన మెకానిక్‌కు ఈ హక్కు ఉంటుంది. దీనికి హద్దులూ ఉన్నాయి. ఆ పని కూలి కోసమే ఆపాలి, పాత బాకీల కోసం కాదు. ఆపిన వస్తువును వాడుకోవడం, అమ్మేయడం కుదరదు. తర్వాత ఇవ్వండని ముందే అరువుకు ఒప్పుకొని ఉంటే ఆపే హక్కే ఉండదు. ఇంటికి వచ్చి గోడకు రంగు వేసినవారికి, నేల పరిచినవారికి ఇది వర్తించదు, ఎందుకంటే ఇల్లు వారి చేతికి అప్పగించిన వస్తువు కాదు.

కరెంటు షాకు కొడుతున్నా, కింది ఫ్లాటులోకి నీళ్లు కారుతున్నా ఆగవద్దు. ఫొటోలు, వీడియో తీసి, ప్రమాదం తప్పేంతవరకు మరమ్మతు చేయించండి. బిల్లు, తీసేసిన ముక్కలు దాచండి. నష్టం పెరగకుండా చూసుకునే వీలున్నా ఊరుకుంటే, ఒప్పందాల చట్టం సెక్షన్ 73 కింద పరిహారం లెక్కించేటప్పుడు ఆ సంగతినీ పరిగణనలోకి తీసుకుంటారు. ఏడాదిపాటు కారనిచ్చి మొత్తం నష్టం అడిగితే నిలబడదు.

3. పని ఉన్న స్థితిని నమోదు చేయండి

న్యాయమూర్తి మీ ఇంటికి రారు. మీ ఇంట్లో కనిపిస్తున్నదాన్ని కాగితాల్లోకి తెచ్చే బాధ్యత మీదే. ఫొటో తీసేటప్పుడు ముందు గది మొత్తం, తర్వాత ఆ గోడ లేదా నేల, ఆ తర్వాత లోపం దగ్గరగా, ఇలా మూడు దూరాల నుంచి తీయండి. దగ్గరి ఫొటోలో టేపు గాని స్కేలు గాని పెట్టండి. పగులు ఎంత పొడవో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత ఒక్కో పనికి ఒక్కో పరీక్ష.

*టైల్స్.* బకెట్ నీళ్లు పోసి, అవి జాలీ (నీళ్లు బయటికి పోయే చోటి మూత) వైపు వెళ్తున్నాయో ఎక్కడ నిలుస్తున్నాయో ఆపకుండా వీడియో తీయండి. టైల్‌ను నాణెంతో తట్టి డొల్ల శబ్దం వచ్చే చోట సుద్దతో గుర్తుపెట్టి, ఎన్ని టైల్స్ అలా ఉన్నాయో రాసుకోండి. పనివారైతే పని అప్పగించే రోజే ఈ రెండు పరీక్షలూ ఇంటివారి ఎదుట చేసి వీడియో తీసుకోవడం మేలు.

*వాటర్‌ప్రూఫింగ్.* విశాఖలో ఎక్కువ చిక్కులు దీనితోనే. ఎండాకాలంలో పని చేయించి, అక్టోబరు, నవంబరు వానల్లో కారితే, అప్పటికి నెలలు గడిచాయని మేస్త్రి తప్పుకుంటారు. వాన కోసం ఎదురుచూడకండి. డాబా మీది నీటి గొట్టాలు మూసి, అంగుళం నుంచి రెండు అంగుళాల లోతు నీళ్లు 24 నుంచి 48 గంటలు నిలిపి, కింద గది పైకప్పును ముందూ తర్వాతా ఫొటో తీయండి. పాత స్లాబు బలహీనంగా ఉంటే ఇంజినీరును అడగకుండా ఈ పరీక్ష చేయవద్దు.

*పెయింటింగ్.* పొక్కులు, పొరలు ఊడటం పెయింటర్ తప్పేనా, లేక గోడలో ముందే చెమ్మ ఉందా అన్నదే అసలు ప్రశ్న. పని మొదలవకముందు తీసిన ఫొటో ఏదైనా ఉందేమో వెతకండి. ఇంట్లో జరిగిన పుట్టినరోజు ఫొటోలో వెనక కనిపించే గోడ కూడా పనికొస్తుంది. ఖాళీ డబ్బాలు పారేయకండి, వాటి మీద రకం, బ్యాచ్ సంఖ్య ఉంటాయి. ఊడిన పొర ముక్కను కవరులో పెట్టి తేదీ రాయండి. దాని వెనక వైపు లప్పం, ప్రైమర్ ఉన్నాయో లేదో తెలుస్తుంది.

*గ్రిల్స్, గేట్లు.* సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. "ఉప్పుగాలి మేడమ్, మేమేం చేస్తాం" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కొన్నిసార్లు అది నిజమే. అతుకుల దగ్గరే తుప్పు మొదలైందా, మొత్తం సమానంగా పట్టిందా, తుప్పు ఆపే రెడ్‌ఆక్సైడ్ పూత ఉందా అన్నవి విడివిడిగా ఫొటో తీయండి. అతుకుల దగ్గరే ఎక్కువగా ఉంటే అక్కడ శుభ్రం చేసి పూత వేయలేదేమో అడగవచ్చు. తూకం లెక్కన మాట్లాడుకుంటే తూకం చీటీ దాచండి.

*వడ్రంగం.* ప్లైవుడ్ తగాదాల్లో కోసిన ముక్కలే ప్రధాన సాక్ష్యం. మెరైన్ ప్లైవుడ్ అని డబ్బు తీసుకుంటే షీటు మీద భారత ప్రమాణం ఐ.ఎస్. 710 ముద్ర ఉండాలి. ముద్ర ఉన్న ముక్కను, బిల్లును కలిపి దాచండి. ముద్ర కనిపించకపోతే అల్మరా లోపలి వెనక భాగం చూడండి.

*కుట్టుపని.* కొలతల చీటీ, మిగిలిన గుడ్డ, మాదిరిగా ఇచ్చిన పాత జాకెట్టు మూడూ ఒకచోట ఉంచండి.

ఈ నమోదు పూర్తయ్యాక సొంతంగా పనిచేసే సివిల్ ఇంజినీరు దగ్గర గాని, సంబంధం లేని మరో అనుభవజ్ఞుడి దగ్గర గాని రాతపూర్వక నివేదిక తీసుకోండి. "పని బాగాలేదు" అని రాస్తే చాలదు. ఎక్కడ, ఏ లోపం, కారణం ఏమిటి, సరిచేయడానికి ఎంత ఖర్చు అన్నవి ఉండాలి. సంతకం, తేదీ, చిరునామా తప్పనిసరి. అదే పనిని తనకివ్వమని అడుగుతున్న మేస్త్రి మాటకు బలం తక్కువ. అందుకే ఇంజినీరు ఫీజుకు వెనకాడవద్దని నా సలహా.

4. మాట్లాడుకున్నదాన్ని తిరిగి కాగితం మీద పెట్టండి

ఒక తెల్లకాగితం తీసుకొని తేదీల వరుసలో రాయండి. ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఎవరి ఎదుట, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడెప్పుడు ఎంత ఇచ్చారు, మొదటిసారి లోపం ఎప్పుడు చెప్పారు. తర్వాత ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

- గుత్తకా, చదరపు అడుగుకా, రోజు కూలికా?
- మెటీరియల్ ఎవరిది? కొన్నది ఎవరు, ఎంచుకున్నది ఎవరు?
- ఎన్ని రోజుల్లో పూర్తి కావాలన్నారు?
- మధ్యలో చేర్చిన అదనపు పని ఏమిటి? దానికి రేటు మాట్లాడారా?

నాలుగో ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టండి. "ఎలాగూ వచ్చారు కదా, ఆ వంటగది గట్టు కూడా చూడండి" అని ఇంటివారు అంటారు. ఆ పని ప్రేమతో చేసినదని ఒకరు, డబ్బుకు చేసినదని మరొకరు అనుకుంటారు. నేను చూసినంతలో చాలా తగాదాల మొదలు ఇక్కడే ఉంటుంది.

ఇక ప్రతి వాక్యానికి పక్కన ఆధారం రాయండి. ఆధారాలు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి:

- ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులు. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి.
- వాట్సాప్ సందేశాలు, ఆడియో సందేశాలు, పని జరిగేటప్పుడు పంపిన ఫొటోలు.
- సిమెంటు, ఇసుక, టైల్స్ బిల్లులు, ఆటో రవాణా చీటీలు.
- మేస్త్రి దగ్గరుండే కూలీల హాజరు పుస్తకం. ఏ రోజు ఎంతమంది వచ్చారో అందులో ఉంటుంది.
- అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రాకపోకల పుస్తకం, సీసీ కెమెరా దృశ్యాలు. దృశ్యాలు కొద్దిరోజులకే చెరిగిపోతాయి కాబట్టి వెంటనే అడగండి.
- పరిచయం చేసిన బంధువు, ఎదురింటివారు, తోటి పనివారు.

ఫోనులోని సాక్ష్యానికి ఒక నియమం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 ప్రకారం వాట్సాప్ చాట్ ప్రింటు వంటి ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. అసలు ఫోను అమ్మవద్దు, చాట్‌లో ఏ ఒక్క సందేశమూ తొలగించవద్దు. మీకు అనుకూలమైన నాలుగు వాక్యాలే చూపితే అవతలివారు మిగతాది చూపుతారు, అప్పుడు మీ మాట మొత్తానికీ విలువ పోతుంది.

5. లెక్క తేల్చండి

చాలామంది "నా డబ్బంతా వెనక్కి ఇవ్వాలి" అనో, "పైసా తగ్గేది లేదు" అనో మొదలుపెడతారు. దయచేసి ముందు కూర్చొని లెక్క వేయండి.

ఉదాహరణకు టైల్స్ ఇంటివారివి. సిమెంటు, ఇసుక, కూలి కలిపి రెండు బాత్‌రూమ్‌లకు గుత్తకు 60,000 రూపాయలు. ఇచ్చింది 45,000. వంటగది గట్టు దగ్గర అదనపు పని 4,000. అంటే మేస్త్రికి ఇంకా 19,000 రావాలి. వాటం సరిచేయడానికి ఇంజినీరు వేసిన అంచనా 22,000. తేడా 3,000. నిజమైన తగాదా ఆ 3,000 మీదే, 45,000 మీద కాదు. ఈ లెక్క చూశాక చాలామంది స్వరం తగ్గుతుంది.

మొత్తం వెనక్కి అడగడం ఎప్పుడు న్యాయం? పని పూర్తిగా తీసేసి మళ్లీ చేయవలసినప్పుడు, లేదా అడ్వాన్సు తీసుకొని పనే మొదలుపెట్టనప్పుడు. సగంలో ఆగిన పనికి అయిన కొలత ప్రకారం విలువ కట్టాలి. ఇద్దరూ కలిసి టేపు పట్టి కొలిస్తే అన్నిటికంటే మంచిది.

లోపం మెటీరియల్‌దైతే లెక్క మారుతుంది. ఇంటివారే కొన్న టైల్స్ వంకరగా ఉంటే దుకాణాన్ని అడగాలి. మేస్త్రి తానే కొని వేసినదైతే ఆయనే జవాబు చెప్పాలి.

మానసిక వేదనకు లక్షల్లో అడిగితే కేసు బలపడుతుందన్నది అపోహ. ఆధారం చూపలేని ఒక్క అంకె మిగతా అంకెలన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

6. సరిచేసుకునే అవకాశం ఇస్తూ రాయండి

ఫోనులో అరవడం వేరు, రాతలో అడగడం వేరు. ముందు వాట్సాప్‌లో పంపండి. ఇంటివారు ఇలా రాయవచ్చు:

"మేస్త్రి గారూ, నమస్కారం. మా ఇంట్లో రెండు బాత్‌రూమ్‌ల పని టైల్స్ మావి, సిమెంటు, ఇసుక, కూలి మీవిగా 60,000 రూపాయలకు జూన్ 10న మాట్లాడుకున్నాం. ఇప్పటికి 45,000 ఇచ్చాను. లోపలి బాత్‌రూమ్‌లో నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు దగ్గర నిలుస్తున్నాయి. వీడియో పంపుతున్నాను. జూలై 25 లోగా వచ్చి సరిచేయండి. ఒక రోజు ముందు చెబితే ఇంట్లో ఉంటాం. సరిచేశాక మిగిలిన లెక్క చూసుకుందాం. నేను రాసిన దానిలో ఏదైనా తప్పుంటే చెప్పండి."

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. ఆయన "వాటం సంగతి చూస్తానమ్మా" అని జవాబిస్తే, మిగతా షరతులను కాదనలేదని ఆ సందేశమే చూపుతుంది.

పనివారు రాసేది ఇలా ఉండవచ్చు:

"అమ్మగారూ, నమస్కారం. మీ ఇంట్లో టైల్స్ పని జూలై 2న పూర్తయింది. మాట్లాడుకున్న 60,000లో 45,000 అందాయి. మీరు చెప్పగా వంటగది గట్టు దగ్గర చేసిన పనికి 4,000. మొత్తం 19,000 రావాలి. వాటం గురించి అన్నారు కాబట్టి ఆదివారం ఉదయం వచ్చి మీ ఎదుటే నీళ్లు పోసి చూస్తాను. లోపం మా పనిదైతే మా ఖర్చుతోనే సరిచేస్తాం."

గడువు దాటితే అదే విషయాన్ని కాగితం మీద రాసి, సంతకం చేసి, చేరినట్లు రుజువు వచ్చేలా స్పీడ్‌పోస్టులో పంపండి. నకలు, తపాలా రశీదు దాచండి. లాయరు నోటీసైతే మంచిదే, కానీ తప్పనిసరి కాదు.

7. మధ్యవర్తి, తర్వాత లోక్ అదాలత్

మేస్త్రిని పరిచయం చేసిన మనిషే తరచుగా మంచి మధ్యవర్తి, ఎందుకంటే ఇద్దరికీ ఆయన దగ్గర మాట పోకూడదని ఉంటుంది. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడైనా సరే. రాజీ కుదిరితే ఈసారి మాత్రం కాగితం మీద రాయండి: ఏ పని ఎప్పటిలోగా, ఎంత డబ్బు ఎప్పుడు, సరిచేశాక ఎవరు చూసి ఒప్పుకోవాలి. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి.

కుదరకపోతే విశాఖపట్నం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. కేసు వేయకముందే తగాదాను, రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్ ముందు పెట్టవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అవతలివారికి నోటీసు పంపి పిలుస్తారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అవతలివారు ఒప్పుకోకపోతే మాత్రం అక్కడ బలవంతపు తీర్పు రాదు.

చిన్న మొత్తాల బాకీలున్న పనివారు మొదట వెళ్లవలసింది ఇక్కడికేనని నా గట్టి నమ్మకం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు ఉచితంగా లాయరును కూడా పొందవచ్చు. సలహాకు న్యాయసేవల సహాయవాణి 15100కు ఫోను చేయవచ్చు.

8. ఇంటివారికి: వినియోగదారుల కమిషన్

సరుకుల్లో, సేవల్లో లోపాలపై వినియోగదారుల ఫిర్యాదులు వినేది ఈ కమిషన్. ముందు మీ తగాదా అక్కడికి వెళ్లేదో కాదో చూడండి:

- గుత్తకు ఒప్పుకొని, తన పద్ధతిలో తాను చేసే మేస్త్రి, పెయింటర్, ఇంటీరియర్ సంస్థ అయితే సేవ కిందికి వస్తుంది.
- మీరు పక్కన నిలబడి చెప్పినట్లు చేసే రోజు కూలి అయితే, అది సొంత పనిమనిషి తరహా ఒప్పందమని అవతలివైపు వాదిస్తారు. అటువంటి ఒప్పందాన్ని చట్టం మినహాయించింది.
- లాడ్జి, దుకాణం వంటి వ్యాపార అవసరానికి చేయించినదైతే సాధారణంగా సివిల్ కోర్టుకే వెళ్లాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. ఫీజును కూడా మీరు చెల్లించిన సొమ్మును బట్టే లెక్కిస్తారు, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల వరకు ఫీజు లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు కాబట్టి, మేస్త్రి సొంతూరు వెళ్లిపోయినా విశాఖలోనే వేయండి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా దాఖలు చేయవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఫిర్యాదుకు జతచేయవలసినవి:

- తేదీల వరుసలో రెండు పేజీలు మించని కథనం
- అవతలివారి పూర్తి పేరు, చిరునామా (ఇది దొరక్క ఆగిపోయే ఫిర్యాదులున్నాయి, అందుకే పని జరుగుతున్నప్పుడే అడిగి ఉంచండి)
- చెల్లింపుల ఆధారాలు, ఫొటోలు, ఇంజినీరు నివేదిక
- ఎలక్ట్రానిక్ ఆధారాల ధ్రువపత్రం
- మీరు పంపిన లేఖ, తపాలా రశీదు
- లెక్క పట్టిక, ప్రమాణపత్రం

ఫోను యాప్ ద్వారానో పెద్ద సంస్థ ద్వారానో పని చేయించి ఉంటే, ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు చెప్పి చూడండి. విడిగా పనిచేసే మేస్త్రి విషయంలో దాని ప్రభావం తక్కువ.

నోటీసు అందుకున్న పనివారికి ఒక హెచ్చరిక. జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు మాత్రమే ఉంటాయి. 45 రోజులు దాటాక పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. కాగితం తీసుకోకుండా తిప్పిపంపితే కేసు ఆగదు, మీ మాట వినకుండానే నడుస్తుంది.

9. పనివారికి: బాకీ రాబట్టుకునే దారి

మీరు వినియోగదారు కారు కాబట్టి కమిషన్‌కు వెళ్లలేరు. లోక్ అదాలత్‌లో తేలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. డబ్బుకు గడువు మాట్లాడుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. "పండగకు ఇస్తాం" అన్న మాటలు వింటూ ఈ గడువు దాటించుకోవద్దు. గడువులోపే బాకీ ఉందని ఇంటివారు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

త్వరగా తేలే సమ్మరీ దావా ఉందని ఎవరైనా చెప్పవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద అది రాతపూర్వక ఒప్పందం, ప్రామిసరీ నోటు వంటివి ఉన్నవారికే. నోటిమాట పనికి వర్తించదు.

బాకీకి చెక్కు ఇచ్చి అది చెల్లకపోతే మీ చేతిలో బలమైన ఆధారం ఉన్నట్లే. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద ఫిర్యాదు చేయాలి. ఒక్క తేదీ తప్పినా చిక్కే.

ఫర్నిచర్, గ్రిల్స్ తయారుచేసి సంస్థలకు సరఫరా చేసే చిన్న యూనిట్లకు, పని నాటికే ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉంటే, మరో దారి ఉంది. రాతపూర్వక గడువు లేకపోతే సరుకు అంగీకరించిన 15 రోజుల్లో చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం, 2006 చెబుతోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ అడగవచ్చు.

10. పోలీస్ స్టేషన్‌కు ఎప్పుడు?

పని బాగా చేయకపోవడం, బాకీ ఇవ్వకపోవడం సివిల్ తగాదాలు. ఒప్పందం తప్పినంత మాత్రాన మోసం కాదని, మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

తప్పుడు పేరు, చిరునామాతో అడ్వాన్సు తీసుకొని మాయమైతే, మెటీరియల్‌కని తీసుకున్న డబ్బును సొంతానికి వాడుకుంటే, కొట్టినా బెదిరించినా, సామాను ఎత్తుకుపోయినా ఫిర్యాదు చేయండి. డబ్బు వసూలు కోసం స్టేషన్‌లో కూర్చోబెట్టించడం ఇద్దరికీ మంచిది కాదు. ఆ ఒత్తిడిలో రాయించిన రాజీ కాగితం తర్వాత కోర్టులో మీకే ఎదురుతిరుగుతుంది.

11. ఉత్తర్వు వచ్చాక

కమిషన్ ఉత్తర్వు నకలు అందగానే దాన్ని లేఖకు జతచేసి అవతలివారికి పంపి, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి. నచ్చనివారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు చెల్లించమని ఉత్తర్వు వచ్చినవారు అప్పీలు చేయాలంటే అందులో సగం జమచేయాలి.

చెల్లించకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. సివిల్ డిక్రీలా ఆస్తి జప్తు చేయించవచ్చు. ఉత్తర్వు ధిక్కరిస్తే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

సివిల్ డిక్రీ గాని లోక్ అదాలత్ అవార్డు గాని చేతిలో ఉన్నవారు సివిల్ కోర్టులో అమలు పిటిషన్ వేయాలి. వాయిదాల్లో చెల్లిస్తానంటే ఒప్పుకోవడం మేలు, కానీ తేదీలు కోర్టు ఎదుటే నమోదు చేయించండి. ప్రతి వాయిదాకూ రశీదు ఇవ్వండి, చివరి వాయిదా అందిన రోజున పూర్తిగా చెల్లిందని కోర్టులో మెమో (చిన్న రాతపత్రం) దాఖలు చేయండి.